ఆయిల్ పంపు మీద నేను చెప్పిన మాట

జూన్ 2, 2002. ఆదివారం

శివాజీ పడవకి కొత్త మోటారు వచ్చింది. అల్లుడే గాని, కొనేముందు నన్ను ఒక్క మాట అడగలేదు. ముప్పై ఏళ్లుగా ఈ రేవులో చెడిన ప్రతి మోటారు మీదా చెయ్యి పెట్టినవాణ్ణి నేను. అడగలేదు. సరే.

విజయవాడ పటమటలో కొట్టు. అక్కణ్ణుంచి హేమసుందర్ అనే మెకానిక్ వచ్చి పడవ వెనక చెక్కకి బిగించాడు. మనవాళ్ల కుర్రాడేనట. ఐటీఐ చదివాడట. ముప్పై దాటి ఉండవు. చొక్కా నలగలేదు. మూత తీసి అందరికీ చూపించాడు. పెట్రోలుకి ఒక ట్యాంకు, ఆయిల్‌కి వేరే చిన్న ట్యాంకు, మధ్యలో పంపు. మోటారుకి ఎప్పుడెంత ఆయిల్ కావాలో ఆ పంపే చూసుకుంటుందట.

"ఇంక పెట్రోల్లో ఆయిల్ కలిపే పని లేదండీ. ఈ ట్యాంకులో కంపెనీ ఆయిల్ పోస్తే చాలు. ఇంకేదీ పోయొద్దండీ" అన్నాడు.

"ముప్పై ఏళ్లు నేను చేత్తో కలిపా. నా చేతిలో ఒక్క మోటారు పట్టెయ్యలా" అన్నాను.

"అవి పాత మోటార్లు కదండీ బాబాయిగారూ."

నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. శివాజీ కూడా నవ్వాడు.

హేమసుందర్ టీ తాగడానికి అటు వెళ్లాక గంగానమ్మ గుడి నుంచి మా ఆవిడ పోలేరమ్మ ప్రమిద తెచ్చింది. అమ్మవారి దీపం నూనె పోయకుండా ఈ రేవులో కొత్త మోటారుని నీళ్లలో పెట్టరు. పోసే చెయ్యి నాది. ఇదివరకు పెట్రోలు డబ్బాలో పోసి గుడ్డ పెట్టి వడకట్టేవాణ్ణి. ఇప్పుడు పెట్రోల్లో నూనె పడకూడదన్నాడుగా పెద్ద మెకానిక్కు. ఆ చిన్న ట్యాంకులోనే పోశాను. ప్రమిద మొత్తం పోశాను. గుడ్డ కోసం ఎవడు వెతుకుతాడు.

వాడికి చెప్పలేదు. వాడికి చెప్పేదేంటి.

జూన్ 5, బుధవారం

మోటారు బాగానే నడుస్తోందట. చప్పుడు లేదట. చప్పుడు లేని మోటారు నాకు నచ్చదు.

జూన్ 9, ఆదివారం

శివాజీ ఇవాళ మధ్యాహ్నానికే తిరిగొచ్చాడు. చేపలు లేవు. మొహం మాడ్చుకుని ఉన్నాడు.

"మామా, అది పీ పీ అని ఒకటే ఏడుపు. ఎర్ర లైటు ఎలుగుతంది. నేనెంత తిప్పినా స్పీడు అందుకోవట్లా."

మూత తీసి చూశాను. ఆయిల్ ట్యాంకు నిండుగా ఉంది. వారం కింద పోసిన గీతకి గోరంత దిగింది, అంతే.

"ఆయిల్ ఉందిగదరా. ఎందుకేడుస్తది?"

"నేననేదీ అదే మామా. వారం తిరిగినా తగ్గకపోతే ఎట్టా?"

"తగ్గకపోతే మంచిదేగా. తక్కువ తాగే మోటారు దొరికిందని సంతోషపడు."

"ఎస్టీడీ బూతు కాడికెళ్లి హేమసుందర్‌కి ఫోన్ చేసొస్తా."

"ఎందుకు? నేను చచ్చానా?"

వెళ్లలేదు. బెంచీ మీద కూర్చుని తల గోక్కున్నాడు. పాత మోటారు అయితే పొగ చూసి చెప్పేవాణ్ణి, ఆయిల్ ఎక్కువైందో తక్కువైందో. దీనికి పొగ కూడా సరిగా లేదు.

జూన్ 10, సోమవారం

ఏడుపు మాన్పించాను. పంపు దగ్గర నుంచి ఆ పీ పీ అనే బజరుకి వెళ్లే వైరు ఊడదీసి టేపు చుట్టేశాను. దాంతో స్పీడు కూడా వచ్చింది. శివాజీ రేవులో ఒక చుట్టు తిప్పి వచ్చి "నువ్వు గట్టోడివి మామా" అన్నాడు. అక్కడ ఉన్నవాళ్లంతా విన్నారు.

విజయవాడ దాకా ఫోన్ చెయ్యాలట.

జూన్ 13, గురువారం

శివాజీ నిన్న తెల్లారి వెళ్లాడు. ఇంకా రాలేదు.

జూన్ 14, శుక్రవారం

రాలేదు. తోడు వెళ్లిన హనుమయ్య కూడా రాలేదు. మా అమ్మాయి సుధామణి పొద్దుట్నుంచీ రేవులోనే కూర్చుంది. అన్నం పట్టుకెళ్తే తినలేదు.

"మోటారు బాగుందన్నావుగా నాన్నా."

"బాగానే ఉంది. గాలి అడ్డం తిరిగి ఉంటది."

గాలి లేదు. ఆకు కదలడం లేదు. అది నా మొహం వైపు చూడకుండా నీళ్ల వైపు చూసింది.

జూన్ 15, శనివారం

వచ్చారు. ఇద్దరూ బతికే ఉన్నారు.

కృష్ణ సముద్రంలో కలిసే చోటు దాటి రెండు గంటలు పోయాక మోటారు ఒక్కసారి కీచుమని ఆగిపోయిందట. తాడు లాగితే కదల్లేదట. తెచ్చుకున్న నీళ్లు మొదటి రోజే అయిపోయాయి. తెడ్డు ఒకటే. రెండోది పడవ చెక్క పీకి చేసుకున్నారు. కాకినాడ వైపు పోయే పెద్ద బోటువాళ్లు చూసి తాడు కట్టి లాక్కొచ్చారు. శివాజీ రెండు అరచేతులూ తోలు లేచిపోయి ఉన్నాయి. సుధ వెన్న రాస్తుంటే పళ్లు బిగబట్టాడు గాని కూత పెట్టలేదు.

పిస్టన్ పట్టేసింది. ఆయిల్ అందక ఎండిపోయి పట్టేసింది. తాడు లాగగానే నాకు తెలిసింది.

జూన్ 16, ఆదివారం

పొద్దున్నే ఎవరూ లేనప్పుడు మోటారు విప్పాను. ఆయిల్ ట్యాంకు అడుగున వేలి గోరంత జల్లెడ ఉంది. దానికి మడ్డి పట్టింది. పసుపు రంగు. మధ్యలో నూలు పోగులు. కంపెనీ ఆయిల్‌కి కూడా రంగు ఉంటుంది. ఏ ఆయిల్‌కైనా మడ్డి ఉంటుంది.

పెట్రోలు పోసి కడిగాను. తెల్లగా అయ్యేదాకా కడిగాను. మళ్లీ బిగించాను.

మెకానిక్ ఎప్పుడైనా శుభ్రం చేసే బిగిస్తాడు.

జూన్ 17, సోమవారం

చేపల వేలంపాట షెడ్డులో పెద్దలు కూర్చున్నారు. కులపెద్ద సంజీవరావు కబురు పెడితే హేమసుందర్ బందరు బస్సులో వచ్చాడు. పంపు ఊడదీసి, గొట్టం ఆయిల్ సీసాలో పెట్టి, చేత్తో తిప్పి చూపించాడు. అవతల కొస నుంచి బొట్లు పడ్డాయి. ఒకటి, ఒకటి, సమానంగా.

"చూడండి. పంపు లాగుతోంది, తోస్తోంది. ఆయిల్ పంపు దాకా రాకపోతే పంపేం చేస్తుందండీ? ట్యాంకుకీ పంపుకీ మధ్య ఎక్కడో అడ్డం పడింది. ఎవరైనా ఏమైనా పోశారాండీ ఇందులో?"

ఎవరూ మాట్లాడలేదు. దాచలేదు వాళ్లు. నేను నూనె పోస్తుంటే రేవు రేవంతా చూసింది. అమ్మవారి నూనెని 'ఏమైనా' అని వాళ్లెవరూ అనుకోరు. అంతే.

తర్వాత వాడు టేపు చుట్టిన వైరు పైకెత్తాడు. "ఇదెవరు తీశారు?"

"నిన్న విప్పినప్పుడు నేనే తీశా" అన్నాను.

శివాజీ నా వైపు చూశాడు. తల దించుకున్నాడు.

సంజీవరావు నా వైపు తిరిగాడు. "నాగులూ, మోటార్ల సంగతి ఈ రేవులో నీకంటే తెలిసినోడు లేడు. నువ్వు చెప్పు. పంపు తప్పా, కాదా? పంపు తప్పయితే కొట్టువాళ్లు శివాజీకి కొత్త మోటారు ఇచ్చి తీరాలి."

హేమసుందర్ కూడా నా వైపే చూశాడు. ఇవాళ నవ్వలేదు.

"ఇక్కడ చేత్తో తిప్పితే వస్తది. సముద్రంలో రాలా. పంపు తప్పే" అన్నాను.

ఆ ఒక్క మాటతో అయిపోయింది. ఇంక హేమసుందర్‌ని ఈ రేవులో అడుగు పెట్టనివ్వకూడదన్నారు. వాడు పనిముట్లు ఒక్కొక్కటే తుడిచి సంచిలో సర్దుకున్నాడు. వెళ్తూ నాకు నమస్కారం పెట్టాడు.

జూన్ 18, మంగళవారం

పంపు తప్పే.

జూన్ 20, గురువారం

పంపు తప్పే. సన్న గొట్టాలు పెట్టి చేస్తే ఇలాగే ఉంటుంది. పాత మోటార్లలో ఇవేవీ లేవు. ఎవరు ఏం పోసినా నడిచాయి.

కొట్టువాళ్లు మాట్లాడదాం అన్నారట. సుధ రెండు రోజులుగా నవ్వుతోంది.

జూన్ 23, ఆదివారం

ఇవాళ పోలేరమ్మ బజారుకి వెళ్లిన తర్వాత మందు సీసాలు రెండు కడిగాను. ఒకదాంట్లో కంపెనీ ఆయిల్ పోశాను. రెండోదాంట్లో కంపెనీ ఆయిల్ పోసి గుడిలో ప్రమిద నూనె కలిపాను. ఎండలో పెట్టి, పక్కనే కూర్చుని చూశాను. రెండోది కలవలేదు. దీపంలో పోసే ఆముదం వేరే నిలబడింది. పసుపు, కుంకుమ, వత్తి నూలు అన్నీ అడుక్కి దిగాయి. సన్న బట్ట కట్టి వంచాను. మొదటిది దిగింది. రెండోది నాలుగు చుక్కలు కారి ఆగిపోయింది.

సీసా ఊపాను. ఇంకో రెండు చుక్కలు పడ్డాయి. ఆగిపోయింది.

పోలేరమ్మ ఎప్పుడు వచ్చిందో, వెనక నిలబడి ఉంది.

"ఏందయ్యా అది?"

"శివాజీ మోటారు."

బట్ట మీద ఉన్నది వేలితో తీసి చూసుకుంది. వాసన చూసింది. గుడిలో పసుపు వాసన దానికి తెలియదా.

"అమ్మ చేసిందంటావా?" అంది.

"అమ్మేం చెయ్యలా. నేను చేశా. వడకట్టకుండా పోశా. వాడు నవ్వాడని పోశా."

ఇంతకు ముందు ఆ మాట నాకు నేను కూడా చెప్పుకోలేదు.

పోలేరమ్మ సీసా తీసుకుని పెరట్లో పారబోసింది. "అయితే నోరు మూసుకో. పిల్లకి మోటారు రానియ్యి. ఆ తరవాత నీ ఇష్టం, ఏ గోదాట్లో దూకుతావో దూకు."

జూన్ 27, గురువారం

శివాజీ బందరులో పెద్ద బోటు మీదకి కూలీగా పోతున్నాడు. చేతులకి గుడ్డలు చుట్టుకుని వల లాగుతున్నాడు. సొంత పడవ రేవులో బోర్లించి ఉంది.

సాయంత్రం అన్నం దగ్గర చెప్పాడు. "హేమసుందర్‌ని కొట్టులోంచి తీసేశారంట మామా."

"ఎవరు చెప్పారు?"

"బందరులో మెకానిక్కులంతా అనుకుంటన్నారు. బిగించటం రాదని తీసేశారంట." ఆగి, నెమ్మదిగా అన్నాడు. "ఆ వైరు నువ్వు తీసింది పదో తారీకున కదా మామా."

"అన్నం తిను."

తిన్నాడు. నేను తినలేదు.

జూలై 1, సోమవారం

సంజీవరావు ఇంటికి వెళ్లాను. కూర్చోకుండానే చెప్పాను. దీపం నూనె, వైరు, కడిగిన జల్లెడ, అన్నీ చెప్పాను. విన్నాడు. నవ్వాడు.

"ఆ కుర్రాడి మీద జాలేసిందా నాగులూ?"

"జాలి కాదు. పంపులో తప్పు లేదు."

"ముప్పై ఏళ్లుగా ప్రతి మోటారుకీ నువ్వే పోశావు. దేనికీ కానిది దీనికెట్టా అయింది?"

"అప్పుడు వడకట్టా."

"నీకు వయసయింది. ఎండలో తిరగమాకు."

"నేను చెప్పింది అబద్ధం సంజీవరావూ. పెద్దల ముందు చెప్పా. పెద్దల్ని పిలువు, మళ్లీ చెప్తా."

అప్పుడు నవ్వు పోయింది వాడికి. "నీ మాట మీద మేం తీర్పు చెప్పాం. ఇప్పుడు నువ్వు కాదంటే మా మాట ఏం గావాలి? అమ్మవారి నూనెతో మోటారు పోయిందని ఊళ్లో అనమంటావా? రేపు ఏ పడవకి ఏమైనా అమ్మ మీదే పెడతారు. నీ కూతురికి కొత్త మోటారు రాబోతుంటే నీకెందుకయ్యా ఈ దురద?"

అబద్ధం చెప్పిన రోజు కుర్చీ వేసి మరీ విన్నాడు. ఇవాళ నిలబెట్టి పంపాడు.

జూలై 4, గురువారం

విజయవాడ వెళ్లాను. పామర్రు దాకా నిలబడే వెళ్లాను, సీటు దొరకలేదు. పటమటలో నలుగుర్ని అడిగి హేమసుందర్ ఇల్లు పట్టుకున్నాను. ఒక గది. బయట స్కూటర్ ఇంజను విప్పి గోనెసంచి మీద పరిచి ఉంది. ఇప్పుడు అదే పని అట.

నన్ను చూసి లేచాడు. "రండి బాబాయిగారూ" అన్నాడు. వాళ్లావిడ మంచినీళ్లు ఇచ్చి లోపలికి వెళ్లిపోయింది. నా పేరు విన్నదేమో, మళ్లీ బయటికి రాలేదు.

"పంపులో తప్పు లేదు. నేను దీపం నూనె పోశా" అన్నాను.

"తెలుసండీ."

"ఎట్టా తెలుసు?"

"జల్లెడ బాగా కడిగారు. గొట్టం కడగలేదు. లోపల పసుపు ఉంది."

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదు?"

"నేను చెబితే ఏమయ్యేదండీ? అమ్మవారి నూనె తప్పని పక్క ఊరోడు రేవులో నిలబడి అంటే తన్ని పంపేవారు. ఎవరైనా ఏమైనా పోశారా అని అడిగాను కదా. మీ మొహం చూసి అడిగాను. మీరు పెద్దవారు, మీరే చెబుతారనుకున్నాను."

గోనెసంచి మీది బోల్టు ఒకటి తీసి తుడుస్తూ కూర్చున్నాడు.

"మీ కొట్టుకి వస్తా. మీ యజమానికి నా నోటితో చెప్తా. మాటిస్తన్నా" అన్నాను.

"మీ మాటతోనే కదండీ నా ఉద్యోగం పోయింది. కాగితం మీద రాసివ్వండి."

"నా పుస్తకంలో నాకోసం గీసుకోటం తప్ప, ఇంకొకరికి రాసివ్వటం రాదు."

"వచ్చినట్టే రాయండి."

కోపం వచ్చింది. అరవై ఎనిమిదేళ్ల మనిషిని కాగితం అడిగాడు. లేచి వచ్చేశాను. ఉయ్యూరు దాటేదాకా ఆ కోపం ఉంది. తర్వాత కోపం పెట్టుకోవడానికి ఏమీ దొరకలేదు.

జూలై 6, శనివారం

రాశాను. మూడు కాగితాలు పాడైనాక ఒకటి కుదిరింది. అదే చూసి ఇంకో రెండు రాశాను. ఒకటి కొట్టు యజమానికి రిజిస్టరు పోస్టులో పంపాను. పంపే ముందు శివాజీతో చదివించుకున్నాను. చదివి మడిచి ఇచ్చాడు.

"వద్దంటావా?" అన్నాను.

"వైరు సంగతి నాకు తెలిసే ఊరుకున్నా మామా. నన్నేం అడుగుతావు?"

సుధ అలా కాదు. పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. "రేపో మాపో మోటారు వస్తది నాన్నా. కొట్టువాళ్లు ఒప్పుకుంటన్నారు. ఒకసారి మా ఇల్లు ముంచావు. మళ్లీ ముంచుతావా?"

"ఒకడి కూడు తీసి..."

"మరి నా మొగుడి చేతులు చూశావా? ఆ గుడ్డలిప్పి చూశావా? ఇప్పుడు నీకు ధర్మం గుర్తొచ్చిందా? మోటారొచ్చాక గుర్తు రాకూడదా?"

దాని మాటలో తప్పు లేదు. హేమసుందర్ మాటలో కూడా లేదు.

జూలై 8, సోమవారం

పొద్దున్నే వేలంపాట షెడ్డు గోడకి కాగితం అంటించాను. ఈ రేవులో చదువు వచ్చినవాళ్లు తక్కువ. అంటించి వెళ్లిపోదామనుకున్నాను. మొదట మణెమ్మ వచ్చింది, చేపల తట్ట దించి నడుం పట్టుకుని.

"ఏం రాశారు మామా? బోటు లైసెన్సులా?"

చెప్పక తప్పలేదు. వేలు పెట్టి చదివాను.

నేను నాగులు. శివాజీ మోటారు ఆయిల్ పంపులో తప్పు లేదు. ఆయిల్ ట్యాంకులో దీపం నూనె వడకట్టకుండా పోసింది నేను. పసుపు, నూలు అడ్డం పడి ఆయిల్ పంపుకి పోలేదు. బజరు వైరు తీసింది నేను. జల్లెడ కడిగింది నేను. పెద్దల ముందు అబద్ధం చెప్పింది నేను. హేమసుందర్ మంచి పనివాడు. ఇది ఎవరూ చెప్పి రాయించింది కాదు.

మణెమ్మ నోటి మీద కొంగు పెట్టుకుంది. "అంటే ఆ పిల్లోడు..." అంది. తట్ట ఎత్తుకోకుండానే పరిగెత్తింది.

తర్వాత ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. విని వచ్చినవాళ్లు కూడా "ఏం రాశావు, చదువు" అన్నారు. చదివాను. హనుమయ్య వచ్చి విని నా కాళ్ల దగ్గర ఉమ్మేశాడు. రెండు రోజులు నీళ్లు లేకుండా పడి ఉన్నవాడు. నేను పక్కకి జరగలేదు. ఒక ముసలమ్మ అమ్మవారిని అన్నానని శాపం పెట్టింది. ఒకడు "మరి మా మోటారు పోయింది కూడా నీ చేతి చలవేనా తాతా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు గట్టిగా నవ్వారు. నాకు తెలియదన్నాను. నిజంగా తెలియదు.

సంజీవరావు వచ్చి కాగితం చింపి పారేశాడు. మూడోది నా జేబులో ఉంది. అన్నం మెతుకులతో అదే చోట అంటించాను. వాడు దాన్ని ముట్టుకోలేదు. జనం ఉన్నారు.

ఎండ నెత్తి మీదకి వచ్చేసరికి పదకొండు సార్లు అయింది. గొంతు పోయింది. వేలం అయిపోయి షెడ్డు ఖాళీ అయింది. ఇంటికి బయలుదేరుతుంటే సుధామణి వచ్చింది. కొట్టు నుంచి బూతుకి ఫోన్ వచ్చిందట, కాగితం అందింది, ఇంక మోటారు లేదని. ఆ సంగతి చెప్పి గోడ వైపు తిరిగి నిలబడింది. అది పదో తరగతి చదివింది. ఆ తొమ్మిది ముక్కలు చదవడానికి దానికి ఎంతసేపు.

చదవలేదు. నా వైపు తిరిగింది.

"చదువు" అంది.

చదివాను.